కొట్టెయ్యాలంటే ముందు రాసి ఉండాలి

నా వేలిముద్రలు అమెరికా ప్రభుత్వం మూడుసార్లు తీసుకుంది. వీసాకి ఒకసారి, గ్రీన్‌కార్డుకి ఒకసారి. ఆ మధ్యలో ఇంకోసారి, ఓ ఆఫీసు లాబీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లకి విజిటర్ బ్యాడ్జీలు రాసివ్వడానికి. ఈ మూడోదాని గురించే ఇవాళ్టి గోల.

2015లో హెచ్‌4 వీసా మీద, అంటే ఉద్యోగ వీసా మీద వచ్చిన భర్త వెనకో భార్య వెనకో వచ్చి ఉన్నవాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది. వాళ్లలో నేనూ ఉన్నాను. తెనాలిలో ఎంసీఏ చదివి, ఇక్కడ శాక్రమెంటో పక్క ఊళ్లో ఆరేళ్లు వంటా, పిల్లల బడీ చూసుకున్నాక నా రెజ్యూమె చూసి ఫోన్ చేసే నాథుడెవరు? పార్ట్‌టైముగా దొరికింది సెక్యూరిటీ గార్డు పని. ఇంటికి ఫోన్ చేసి ‘ఫ్రంట్ డెస్క్’ అని చెప్పాను. అబద్ధం కాదు, డెస్క్ ముందువైపే ఉండేది.

కాలిఫోర్నియాలో ఆ పనికి గార్డ్ కార్డు కావాలి. ఇచ్చేది బ్యూరో ఆఫ్ సెక్యూరిటీ అండ్ ఇన్వెస్టిగేటివ్ సర్వీసెస్ అనే రాష్ట్ర సంస్థ. మొదట ఎనిమిది గంటల క్లాసు, కార్డు వచ్చాక ఇంకో 32 గంటలు. దాంతోపాటు లైవ్ స్కాన్. అంటే సిరా లేకుండా అద్దం మీద ఒక్కో వేలూ దొర్లించి ముద్ర తీస్తారు, అది రాష్ట్ర న్యాయశాఖకీ ఎఫ్‌బీఐకీ వెళ్తుంది. నేను ఇచ్చినప్పుడు రాష్ట్రానికి 32 డాలర్లు, ఎఫ్‌బీఐకి 17, పైన ముద్ర తీసే దుకాణంవాడి కూలి. అట్టపెట్టెలూ కవర్లూ అమ్మే దుకాణంలో ఓ మూల కుర్రాడొకడు మిషన్ పెట్టుకుని కూర్చున్నాడు. నా ఉంగరపు వేలు నాలుగుసార్లు దొర్లించాడు. గిన్నెలు తోమి తోమి అరిగిపోయిన గీతలు మిషన్‌కి ఆనలేదు. లోషన్ రాసి, తుడిచి, మళ్లీ దొర్లించాడు. తెనాలిలో మా అమ్మ కూడా రేషన్ షాపు మిషన్ ముందు నిలబడి కొంగుతో వేళ్లు తుడుచుకుంటూ ఉంటుంది కదా అనుకుని నవ్వుకున్నాను. తల్లీకూతుళ్లం ఇద్దరం మిషన్లకి ఆనని మనుషులం.

కార్డొచ్చింది. రెండేళ్లు బ్యాడ్జీలు రాశాను. ఆ డెస్క్ మీద నాకు తెలిసే రహస్యాలేమిటయ్యా అంటే, ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, అంతే.

2018లో ఓ ప్రైవేటు ఇన్వెస్టిగేటర్ ఆఫీసులో చేరాను. మన సినిమాల్లో డిటెక్టివ్‌లా ఊహించుకోకండి. ఎక్కువ పని ఇన్సూరెన్సు కంపెనీలది. పనిలో నడుం విరిగిందని క్లెయిమ్ పెట్టినాయన నిజంగానే మంచంలో ఉన్నాడా, పెరట్లో చెట్లు నరుకుతున్నాడా చూడటం. కోర్టు కేసుల్లో సాక్షులు ఇల్లు మారిపోతే ఎక్కడున్నారో పట్టుకోవడం. ఓనరు రిటైరైన పోలీసు. ఇంటర్వ్యూ పావుగంట. సోమవారం చేరితే గురువారానికి నా పేరు మీద డేటాబేసు లాగిన్ ఇచ్చారు.

ఆ తెర మీద మొదటిసారి ఒక మనిషిని చూసినప్పుడు నాకు కాస్త కడుపులో తిప్పింది. పేరూ, ఊరూ కొడితే చాలు. ఇరవై ఏళ్లుగా ఉన్న ఇళ్ల అడ్రసులన్నీ వరసగా వచ్చేస్తాయి. ఇప్పుడు వాడే ఫోనూ, మానేసిన ఫోన్లూ. కారు నంబరు. చుట్టాల పేర్లు. పాత మొగుడు. పక్కింటివాళ్ల ఫోన్ నంబర్లతో సహా. గార్డుగా నాకు తెలియనిది ఏముందో అదంతా ఇక్కడ ఉంది.

నా వేలిముద్రలు ఎవరూ అడగలేదు. గార్డ్ కార్డుకి ఇచ్చినవి ఉన్నాయి కదా అని ఊరుకున్నారేమో అనుకున్నాను మొదట్లో. ఊరుకోవడం కాదు. ఈ రాష్ట్రంలో లైసెన్సున్న ఇన్వెస్టిగేటర్ దగ్గర జీతానికి చేసేవాళ్లు బ్యూరోలో నమోదు కానక్కర్లేదు. లైసెన్సు ఓనరుది. పరీక్ష ఆయన రాస్తాడు, వేలిముద్రలు ఆయన ఇస్తాడు. ఆయన కింద పనిచేసే మనిషి ఎవరన్నది ఆయన ఇష్టం.

ఇక్కడ నోటరీకి వేలిముద్రలు కావాలి. నర్సుకి కావాలి, బడిలో పంతులమ్మకి కావాలి, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుకి కావాలి. కోర్టు కాగితాలు పట్టుకెళ్లి ఇంటి తలుపు కొట్టి చేతికిచ్చే ప్రాసెస్ సర్వర్ ఏడాదికి పదికి మించి అందిస్తే కౌంటీలో వేలిముద్రలిచ్చి నమోదు కావాలి. అదే ఇంటికి ఎదురుగా కారాపుకుని, కెమెరా పట్టుకుని, మూడు రోజులు ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు లైటు ఆర్పుతున్నారో రాసుకునే మనిషికి అక్కర్లేదు.

ఇంకో విడ్డూరం. ఇన్వెస్టిగేటర్ లైసెన్సుకి 6,000 గంటల అనుభవం చూపించాలి. లా డిగ్రీ ఉంటే 4,000. అంటే పోలీసు ఉద్యోగంలోంచి వచ్చినవాళ్లు కాకపోతే, మూడేళ్లు ఎవరో ఒకరి దగ్గర జీతానికి చెయ్యాలి. పని ఇంకా రానివాడు, తప్పులు ఎక్కువ చేసేవాడు, ఆశలు ఎక్కువ ఉన్నవాడు ఎక్కడుంటాడు? ఆ మూడేళ్లలోనే ఉంటాడు. సరిగ్గా ఆ మూడేళ్లూ వాడి పేరు ఏ లెక్కలోనూ లేదు.

మా ఓనరుని ఓసారి అడిగాను. “ముప్పయ్యేళ్లు పోలీసు పని చేశాను, మనిషిని చూస్తే తెలీదా నాకు?” అన్నాడు. చూస్తే తెలియదని ఆయనకి రెండేళ్లలోనే తెలిసొచ్చింది.

డేటాబేసు అమ్మే కంపెనీ అప్పుడప్పుడూ మనం చేసిన సెర్చీల్లోంచి కొన్ని ఏరి, ఇవి ఏ కేసు కోసం చేశారో కాగితం చూపించమంటుంది. ఆ కాగితాలు తీసిపెట్టే పని నాది. ఓసారి ఒకదానికి కాగితం దొరకలేదు. కేసు నంబరు వేశారు గానీ ఆ నంబరు మీదున్న కేసు వేరే మగాయనది, ఊరు వేరు. వెతికింది ఒక అమ్మాయిని. వెతికినవాడు మా ఫీల్డు మనిషి, కెమెరా పట్టుకుని కార్లో కూర్చునేవాడు. ఆ అమ్మాయి అతన్ని వదిలేసి వెళ్లిపోయిన మనిషి. ఒకసారి కాదు, మూడు నెలల్లో ఐదుసార్లు చూశాడు. ఆమె ఇల్లు మారిన ప్రతిసారీ.

ఆ సాయంత్రమే పంపించేశారు. లాయర్ని అడిగి, ఆ అమ్మాయికి జరిగింది చెబుతూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. ‘మా దగ్గర పనిచేసిన వ్యక్తి’ అనే మాట దగ్గర చాలాసేపు ఆగాను. ఆమె అతన్ని తప్పించుకుని ఎంత దూరం వెళ్లిందో, అతను ఆమెను ఎంత సులువుగా పట్టుకున్నాడో, ఆ మాటలో ఏమీ లేదు.

దీన్నంతా చెప్పి ‘అందుకే వేలిముద్రలు తీసుకోవాలి’ అంటే వాదన ముగిసిపోయినట్టుంటుంది. కానీ నిజం చెప్పాలి కదా. అతని వేలిముద్రలు తీసుకుని ఉన్నా ఏమీ తేలేది కాదు. అతనికి శిక్ష పడిన కేసు ఒక్కటీ లేదు. లైవ్ స్కాన్‌లో తెల్ల కాగితమే వచ్చేది. చిల్లర దొంగతనం చేసిన పందొమ్మిదేళ్ల కుర్రాడు ఆగిపోయేవాడేమో గానీ, ఇతను దర్జాగా లోపలికొచ్చేవాడు.

మరి ఎందుకీ గోలంతా? రెండు నెలల తర్వాత ఇంకో ఆఫీసుతో కలిసి చేసిన కేసులో వాళ్ల రిపోర్టు మాకొచ్చింది. చివరి పేజీలో ఫీల్డు మనిషి సంతకం. అదే సంతకం. కొత్త ఆఫీసు, కొత్త లాగిన్, అదే కెమెరా అయ్యుంటుంది.

మా ఓనరు ఎవరికి చెప్పగలడు? బ్యూరో చర్య తీసుకునేది లైసెన్సు ఉన్నవాళ్ల మీద. ఇతనికి లైసెన్సు లేదు, కార్డు లేదు, నమోదు లేదు. తీసెయ్యడానికి అతని దగ్గర ఏముంది? పైగా ఉద్యోగులు చేసే పనులకి లైసెన్సుదారే బాధ్యుడని చట్టం. అంటే మా ఓనరు ఫిర్యాదు రాస్తే అది ఆయన మీద ఆయనే రాసుకున్నట్టు. అలాంటి ఫిర్యాదు రాసే మహానుభావుడు ఉండొచ్చు, నేను మాత్రం చూడలేదు. కొత్త ఓనరు ఫోన్ చేసి అడిగితే? ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చేశాడు’ అని చెప్పమంటాడు లాయరు, అంతకు మించి నోరు విప్పొద్దంటాడు.

అప్పుడర్థమైంది నాకు. వేలిముద్రలూ, వెనకటి చరిత్ర తనిఖీ అంటే మనందరం జల్లెడ అనుకుంటాం. చెత్త పైన ఆగిపోతుంది, మంచి కిందకి దిగుతుంది అని. జల్లెడగా దాని విలువ తక్కువ. అసలు విలువ, అది మనిషిని ఒక పుస్తకంలోకి ఎక్కిస్తుంది. ఈ వేళ్లున్న మనిషి ఈ పని చేస్తున్నాడు అని ఒకచోట రాసి ఉంటుంది. రేపు తప్పు చేస్తే ఆ పేరు కొట్టెయ్యొచ్చు. కొట్టెయ్యాలంటే ముందు రాసి ఉండాలి కదా.

గార్డ్ కార్డుతో నాకు జరిగిందీ అదే. నా ముద్రలు ఒక్కసారి చూసి పారెయ్యలేదు. రాష్ట్ర న్యాయశాఖ అట్టిపెట్టుకుంటుంది. రేపు నన్ను ఎక్కడైనా అరెస్టు చేసి వేళ్లు తీస్తే, ఆ కబురు బ్యూరోకి దానంతటదే వెళ్తుంది. ఎఫ్‌బీఐ కూడా ఇలాంటిదే ర్యాప్ బ్యాక్ అని నడుపుతోంది. విజిటర్ బ్యాడ్జీలు రాసే నన్ను నా కార్డు ఉన్నన్నాళ్లూ కనిపెట్టుకుని ఉండే ఏర్పాటుంది. కారు నంబరుతో మనిషి ఇల్లు పట్టుకునేవాడి మీద లేదు.

ఈ వృత్తికి అమెరికాలో రక్తపు మరక ఉంది. 1989 జులైలో లాస్ ఏంజెలెస్‌లో టీవీ నటి రెబెక్కా షేఫర్‌ని ఆమె ఇంటి గుమ్మంలోనే ఒకడు కాల్చి చంపాడు. ఆమెకి 21 ఏళ్లు. వాడికి ఆ ఇల్లు ఎలా దొరికింది? అరిజోనాలోని టూసాన్‌లో ఒక డిటెక్టివ్ ఏజెన్సీకి 250 డాలర్లిచ్చాడు. వాళ్లు కాలిఫోర్నియా వాహనాల శాఖ రికార్డులోంచి అడ్రసు తెప్పించి చేతిలో పెట్టారు. ఆ చావు తర్వాతే, 1994లో డ్రైవర్ల వివరాలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకుండా కేంద్ర చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఎవరెవరికి ఇవ్వొచ్చో ఒక జాబితా ఉంది. అందులో లైసెన్సున్న ప్రైవేటు ఇన్వెస్టిగేషన్ ఏజెన్సీలూ ఉన్నాయి. చట్టంలో ఒప్పుకున్న పనులకే వాడాలి, అది వేరే సంగతి. చట్టం ‘లైసెన్సున్న ఏజెన్సీ’ అంటుంది. ఏజెన్సీకి వేళ్లుండవు కదా, కీబోర్డు మీద కొట్టడానికి. కొట్టేది నాలాంటి గుమాస్తా.

1999లో న్యూ హాంప్‌షైర్‌లో ఇంకో యువతి. ఇంటర్నెట్‌లో సమాచారం అమ్మే ఏజెన్సీ నుంచి ఆమె పనిచేసే చోటు కొనుక్కుని, అక్కడికే వెళ్లి చంపాడు ఒకడు. ఆమె ఎక్కడ పనిచేస్తోందో తెలుసుకుంది ఏజెన్సీ యజమాని కాదు. డబ్బు తీసుకుని మాయమాటలు చెప్పి ఫోన్లో రాబట్టిన వేరే మనిషి. సమాచారం ఇచ్చేటప్పుడు తగు జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత ఇన్వెస్టిగేటర్లకి ఉందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. 2006లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ గొడవలోనూ ఇంతే. బోర్డు రహస్యాలు ఎవరు బయటపెడుతున్నారో కనిపెట్టమని పైవాళ్లు చెప్పారు. పని ఒక సంస్థకి, అక్కణ్నుంచి ఇంకో సంస్థకి, అక్కణ్నుంచి ఇంకో మనిషికి దిగింది. డైరెక్టర్ల పేరు చెప్పి, విలేఖర్ల పేరు చెప్పి వాళ్ల ఫోన్ రికార్డులు లాగింది గొలుసు చివరన ఉన్నవాళ్లు. మురికి ఎప్పుడూ కిందకే దిగుతుంది. తనిఖీ మాత్రం పై మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

అమెరికా అంతా ఇలా ఉందనుకోకండి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తంతు. న్యూయార్క్‌లో ఉద్యోగిని చేర్చుకునే లైసెన్సుదారు అతని చేత ప్రమాణపత్రం రాయించుకుని వేలిముద్రలు తీయించాలి. టెక్సస్‌లో ఏజెన్సీకి వేరే లైసెన్సు, అందులో పనిచేసే ఇన్వెస్టిగేటర్‌కి వేరే లైసెన్సు, ఇద్దరివీ వేలిముద్రలు. ఫ్లోరిడాలో పని నేర్చుకునేవాడికి కూడా ఇంటర్న్ లైసెన్సు ఉంటుంది. అక్కడ ఈ లైసెన్సులిచ్చేది వ్యవసాయ శాఖ! బత్తాయి తోటల్నీ డిటెక్టివుల్నీ ఒకే శాఖ చూసుకుంటుంది. ఇంకోవైపు వయోమింగ్, సౌత్ డకోటా లాంటి చోట్ల రాష్ట్రస్థాయిలో లైసెన్సే లేదు.

ఇక నామీద విసరగల రాళ్లు. మొదటిది చిన్నది. పేరు చూసి తనిఖీ చేస్తే సరిపోదా, వేళ్లెందుకు? ఈ ప్రశ్న తెలుగువాళ్లు అడగకూడదు. మన శ్రీనివాస్‌ని ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కపెట్టుకోండి. ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా తేలక, వీసాలో ఒకలాగా లైసెన్సులో ఒకలాగా ఉండేవాళ్లు మన వీధికొకరు. ఇంటిపేరు గడిలో ఊరి పేరు పడినవాళ్లు నాకే ముగ్గురు తెలుసు. పేరు మీద వెతికితే తప్పు చేసిన శ్రీనివాస్ దొరకడు, చెయ్యని శ్రీనివాస్‌కి ఉద్యోగం పోతుంది. మన బోటి పేర్లకి వేలిముద్రే కాస్త న్యాయం.

రెండోది అంత చిన్నది కాదు. ముద్రలు ఇచ్చాక అవి ఎవరి దగ్గర ఉంటాయి? 2015లో అమెరికా కేంద్ర ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం కంప్యూటర్లలోకి చొరబడి 56 లక్షల మంది వేలిముద్రలు ఎత్తుకుపోయారు. మన దగ్గర 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న దస్తావేజుల మీది వేలిముద్రలు తీసుకుని, రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్‌లు తెరిచాడు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు పోతే ఏం చేస్తాం? ఈ భయం ఒట్టిది అనను. నా ముద్రలు ఇప్పటికే మూడుచోట్ల ఉన్నాయి కాబట్టి నాకు పోయేది తక్కువ అనే మాటా వాదన కాదు. ఒకటే అంటాను, ముద్ర ఉండవలసింది రాష్ట్ర న్యాయశాఖలో. ఆఫీసు ఓనరు బీరువాలో కాదు. మా ఓనరుకి రావలసింది ‘పనికొస్తాడు’ లేదా ‘పనికిరాడు’ అనే ఒక్క మాట. ఆ మనిషి పాత కథంతా ఆయనకెందుకు?

మూడోదాని దగ్గర నేను తడబడతాను. తెనాలి నుంచి చీరాల వెళ్లే ప్యాసింజరు బాపట్ల దాటాక స్టువార్టుపురంలో ఆగుతుంది. బండి ఆగగానే మా నాయనమ్మ చెవి కమ్మలు చేతులతో మూసుకునేది. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేకపోయినా సరే. ఆ ఊరు ఎలా పుట్టిందో ఆవిడకి తెలియదు, నాకూ చాలా ఏళ్లు తెలియదు. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీలోకీ తెచ్చాక, ఎరుకల కుటుంబాల్ని తీసుకొచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ పర్యవేక్షణలో పెట్టిన సెటిల్మెంటు అది. నేరం చేశావా అని అడగలేదు, ఏ ఇంట్లో పుట్టావని అడిగారు. పుస్తకంలో పేరు, పోలీసుల దగ్గర హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. వేలిముద్రల శాస్త్రం పెరిగింది కూడా ఆ రోజుల్లో, మన దేశంలోనే. 1858లో బెంగాల్‌లో హెర్షెల్ దొరగారు ఓ కాంట్రాక్టరు చేత అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. వాటిని వర్గీకరించే పద్ధతికి లెక్కలు కట్టినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల పై అధికారి హెన్రీది అయింది. ఆ నేరస్త తెగల చట్టం 1952లో రద్దయింది గానీ, దరఖాస్తులో స్టువార్టుపురం అని ఊరిపేరు రాస్తే ఎదుటివాడి ముఖం ఇప్పటికీ మారుతుంది.

పైన నేనన్న మాట గుర్తుందిగా, పుస్తకంలోకి ఎక్కించడమే అసలు విలువ అని. ఆ ఊరివాళ్లకి పుస్తకంలో పేరుండటమే శిక్ష. అందుకని నా వాదనని కాస్త కురచ చేసుకోక తప్పదు. పుట్టుకతో ఎక్కించే పుస్తకం వేరు, నేను ఈ పని చేస్తానని వచ్చి సంతకం పెట్టి ఎక్కే పుస్తకం వేరు. రెండోదాంట్లోంచి మానేసి బయటికి రావొచ్చు. తీసేస్తే ఎందుకు తీసేశారో రాసివ్వాలి, అప్పీలుండాలి. అరెస్టుని శిక్షలా చూడకూడదు. ఈ దేశంలో నల్లవాళ్లనీ పేదవాళ్లనీ ఎంత సులువుగా అరెస్టు చేస్తారో, తర్వాత కేసు కొట్టేశారన్న సంగతి రికార్డులోకి ఎంత తాపీగా ఎక్కుతుందో ఇక్కడ కొన్నేళ్లు ఉన్న ఎవరికైనా తెలుసు. ఈ విషయంలో కాలిఫోర్నియా ఒక మంచి పని చేసింది. 2020 జులై నుంచి ఇక్కడి లైసెన్సు బోర్డులు, మరీ ఘోరమైన నేరాలు మినహాయిస్తే, ఏడేళ్ల లోపు పడిన శిక్షల్ని, అదీ పనికి నేరుగా సంబంధం ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి. ఎప్పుడో కుర్రతనంలో గంజాయితో దొరికినవాడు జీవితాంతం వాచ్‌మన్ పనికి కూడా పనికిరాడు అనే రోజులు పోయాయి. ఉద్యోగుల నమోదు పెడితే ఈ కొలతతోనే పెట్టాలి. ఈ కొలత లేకుండా పెడితే నేనే ఎదురు నిలబడతాను.

ఖర్చు గురించి ఎక్కువ మాట్లాడను. ఇక్కడ ఇన్వెస్టిగేటర్లలో చాలామంది ఒక గది, ఒక కారు, ఒక కుర్రాడు. యాభై డాలర్లు, కొన్ని వారాల ఎదురుచూపు వాళ్లకి ఇబ్బందే అంటారు. గంటకింత కూలి తీసుకునే గార్డు పెట్టుకోగలిగాడు.

ఇప్పుడు నా గుమ్మం ముందు నేను ఊడ్చుకోవాలి.

నేను డిటెక్టివ్ ఆఫీసులో చేస్తున్నానని తెలిసిన రోజు నుంచి మా చుట్టాల్లో నా గౌరవం పెరిగింది. ‘ఫ్రంట్ డెస్క్’ అన్నప్పుడు పలకరించనివాళ్లు కూడా ఫోన్లు చేశారు. అన్నిటికంటే ముందు మా పిన్ని. మా చెల్లికి డాలస్ సంబంధం వచ్చింది.

“నీ దగ్గర పేరు కొడితే మొత్తం వచ్చేస్తుందటగా. అబ్బాయికి ఇదివరకు పెళ్లేమైనా అయిందేమో ఒక్కసారి చూసి పెట్టవే.”

“అలా చూడకూడదు పిన్నీ. కేసు ఉంటేనే చూడాలి.”

“ఆడపిల్ల బతుకు కంటే పెద్ద కేసేముందే?”

దీనికి జవాబు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. నాకు తోచలేదు. అమెరికా సంబంధమని చేసి, ఇక్కడికొచ్చాక వాడికి ఇంకో కాపురం ఉందని తెలిసిన ఆడపిల్లలు నాకూ తెలుసు. మర్నాడు ఆఫీసులో అందరూ భోజనానికి వెళ్లాక లాగిన్ అయ్యాను. ఆ అబ్బాయి పేరూ ఊరూ కొట్టాను. సెర్చి నొక్కేముందు ఏ అవసరానికి వెతుకుతున్నావని ఒక గడి అడుగుతుంది, దాంట్లోంచి ఒకటి ఎంచుకోవాలి. మోసాల నివారణ, కోర్టు వ్యవహారం, ఇలా వరసగా ఉంటాయి. పిన్ని కోరిక అనేది ఆ వరసలో లేదు. మోసాల నివారణ మీద వేలు పెట్టి కూర్చున్నాను. అబద్ధం కూడా కాదు కదా అనిపించింది. మా ఫీల్డు మనిషికి కూడా ఆ ఐదుసార్లూ ఇలాగే అనిపించి ఉంటుంది.

నొక్కలేదు. నీతి అడ్డొచ్చి ఆగానని రాయాలని ఉంది. నెలాఖరున కాగితం అడిగితే తీసి పెట్టవలసింది నేనే అని గుర్తొచ్చి ఆగాను. నా వేళ్లు శుభ్రం. వీసావాళ్లు చూశారు, గార్డ్ కార్డువాళ్లు చూశారు, ఎఫ్‌బీఐ చూసింది. ఆ మధ్యాహ్నం నన్ను ఆపింది ఆ శుభ్రం కాదు.

పిన్నికి కోపం వచ్చింది. నాలుగు నెలలు మాట్లాడలేదు. హైదరాబాదులో ఒక ఏజెన్సీని పట్టుకుంది. పెళ్లి ఎంక్వయిరీలు వాళ్లకి రోజూ ఉండే పనే. మన దేశంలో 2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం వచ్చింది. దాని కింద పిన్ని వాళ్ల అపార్ట్‌మెంటుకి ఏజెన్సీ పంపే వాచ్‌మన్‌కి నడవడిక విచారణ ఉండాలి, 160 గంటల శిక్షణ ఉండాలి. ఎంతవరకు జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు, కాగితం మీదైతే ఉంది. డిటెక్టివ్ ఏజెన్సీల కోసం 2007లో వేరే బిల్లు రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు, తర్వాత ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. 2018లో ఠాణే పోలీసులు కాల్ రికార్డులు అమ్ముతున్న ముఠాని పట్టుకుని, ప్రైవేటు డిటెక్టివుల్ని కూడా అరెస్టు చేస్తే నాలుగు రోజులు పేపర్లో వచ్చింది. గేటు దగ్గర కూర్చునేవాడికి చట్టం, గేటు బయట నిలబడి మనింట్లోకి చూసేవాడికి ఏమీ లేదు. కాలిఫోర్నియాలో నాకు విడ్డూరంగా తోచింది అక్కడ ఇంకాస్త పెద్దదిగా ఉంది.

సంబంధం మంచిదేనని రిపోర్టొచ్చింది. ఆ సంతోషంలో పిన్ని నాతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టి, ఆ రిపోర్టు వాట్సాప్‌లో పంపింది. పదకొండు పేజీలు. ఒంగోల్లో అబ్బాయి వాళ్ల ఇల్లు, వాళ్ల నాన్న స్కూటరు, అప్పులేమీ లేవని ఎదురింటివాళ్ల మాట. ఎనిమిదో పేజీలో ఒక ఫోటో. కాలేజీ గేటు ముందు అబ్బాయి చెల్లెలు, పద్దెనిమిదేళ్లుంటాయి, బ్యాగు ఒక భుజానికి వేలాడేసుకుని ఐస్‌క్రీం తింటోంది. కింద తేదీ, టైము. తర్వాత పేజీలో ఆ పిల్ల ఏ బస్సెక్కుతుందో, ఎక్కడ దిగుతుందో.

పిన్నికి ఫోన్ చేశాను.

“ఈ ఫోటో ఎవరు తీశారు పిన్నీ?”

“ఏజెన్సీవాళ్లే.”

“ఏజెన్సీలో ఎవరు?”

“ఎవరో కుర్రాణ్ని పంపించారట. నాలుగు రోజులు అక్కడే ఉన్నాడట పాపం.”

“పేరేంటి?”

“వాడి పేరు మనకెందుకే?”